బిడ్డ పుట్టిన దినము

అరకు లోయ మొదలు పాడేరు, ముంచంగిపుట్టు కొండల వరకు ఏ గ్రామమునకు పోయినను, పండుగ యనునది ఒక యింటికి చెందినది కాదు, ఊరందరిది. చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చును. విత్తుటకు ముందు విత్తనములను దేవత యెదుట నుంచి మ్రొక్కుదురు. పురుషులు వేటకు పోవుదురు. స్త్రీలు చేయి చేయి కలిపి థింసా నాట్యమాడుదురు. పంట చేతికి వచ్చినప్పుడు కొత్తల పండుగ జరుపుదురు. క్రొత్త ధాన్యమును దేవతకు సమర్పింపనిదే నోట పెట్టరు. ఇట్టి పండుగలకును, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకును ఆశ్రమ పాఠశాలలలో చదువుచున్న పిల్లలు ఇల్లు చేరుదురు. చంకలోని పసిబిడ్డ మొదలు తాత వరకు కుటుంబమంతయు ఒక్క పొయ్యి చుట్టును కూర్చుండు దినములివి.

ఇన్ని పండుగలు గల ఇండ్లలో పెక్కింటియందు ఒక పండుగ మాత్రము కానరాదు. అది బిడ్డ జన్మదినము. పట్టణములలో వలె దీపములు, మిఠాయిలు లేవని మేము విచారించుట లేదు. వేడుక లేనంత మాత్రమున బిడ్డకు లోటు రాదు. కాని ఆ దినము ఏదియో ఎచ్చటను వ్రాయబడనిచో, ఆ లోటు బిడ్డను జీవితమంతయు వెంటాడును. ఆ దినమును పుస్తకమున కెక్కించుటలో పంచాయతీ సభ్యులు చేయగల సహాయమును గూర్చియే ఇచ్చట మేము చెప్పదలచితిమి.

వారము తెలియును, తేదీ తెలియదు

ఈ కొండలలోని పోర్జ, గదబ, కోదు మొదలగు తెగల వారిలో పుట్టిన వారమును బట్టి బిడ్డకు పేరు పెట్టు ఆచారము చిరకాలము నుండి కలదు. సోమ, మంగళ, బుద్ర, గురు, శుక్ర, శని యను పేర్లు ఇట్లు వచ్చినవే. పేరు చెప్పినంతనే పుట్టిన వారము తెలిసిపోవును. తల్లి నడిగినచో, ఇటుకల పండుగ ముగిసిన పిమ్మట వచ్చిన రెండవ సంతకు మరునాడనియో, చోడి కోతల నాటి వెన్నెల రాత్రియనియో చెప్పగలదు. ఇది అజ్ఞానము కాదు. పండుగ, పంట, చంద్రుడు, సంత - ఈ నాలుగును వారి పంచాంగము. అయితే ఆ పంచాంగము ఊరిలో చెల్లినట్లు బడిలోను, ఆసుపత్రిలోను, కచేరీలోను చెల్లదు.

పూర్వము తేదీ లేని పిల్లవానిని బడిలో చేర్చునప్పుడు ఏమి జరుగుచుండెనో పెద్దలందరికిని తెలిసినదే. తల మీదుగా చేతిని త్రిప్పి అవతలి చెవిని అందుకొనగలిగిన యెడల ఈడు వచ్చినదని భావించుచుండిరి. ఉపాధ్యాయుడు తనకు తోచిన తేదీని పట్టికలో వ్రాయుచుండెను. ఆ ఊహయే పదవ తరగతి పత్రమునందు స్థిరపడి, ఉద్యోగము వరకు వెంట వచ్చుచుండెను. కొన్ని యిండ్లలో అన్నదమ్ముల వయస్సునకు అయిదారు నెలలే తేడా కనుపించుట కూడ కద్దు. ఉపాధ్యాయుని తప్పు అందులో లేదు. అతనికి చూపుటకు ఎవరి యొద్దను కాగితము లేకుండెను.

తేదీ వలన కలుగు మేలు

పుట్టిన దినము తెలిసినచో మొదట మేలు కలుగునది ఆరోగ్యమునకు. క్షయ నివారణకై బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా పుట్టిన వెంటనే ఇయ్యవలెను. ఆ తరువాతి టీకాలు 6, 10, 14 వారములకు వచ్చును. తొమ్మిది నెలలు నిండిన పిమ్మట తట్టు, రుబెల్లా వ్యాధులకు టీకా వేయుదురు. దాని రెండవ మోతాదు 16 నుండి 24 నెలల మధ్య వేయుదురు. ఈ లెక్క యంతయు పుట్టిన దినమునుండియే సాగును. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, అటుపిమ్మట మెత్తని ఆహారమును ఆరంభింపవలెనన్నను దినము తెలియవలెను. అంగన్‌వాడీలో బిడ్డను తూచునప్పుడు కూడ బరువును వయస్సుతో పోల్చి చూతురు. ఏడాది నిండిన బిడ్డను ఎనిమిది నెలల బిడ్డగా వ్రాసినచో, ఆ బిడ్డ చిక్కిపోయినదను సంగతి లెక్కలో మరుగుపడిపోవును.

రెండవ మేలు బాలికలకు. 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము వధువునకు 18 సంవత్సరములు, వరునకు 21 సంవత్సరములు నిండియుండవలెను. పదునైదేండ్ల బాలికకు సంబంధము కుదిరినప్పుడు, ఈడు వచ్చినదని పెద్దలు చెప్పవచ్చును. చదువుకొనవలెనని ఆ బాలిక కోరవచ్చును. తేదీ లేనిచో పెద్దల మాటయే నెగ్గును. తేదీ గల పత్రము ఆ బాలిక పక్షమున నిలుచు సాక్షి. ఇంత బలమైన సాక్షిని పుట్టిన నాడే బిడ్డకు సమకూర్చుట మన చేతిలోని పని.

ప్రపంచ దేశములు కూడ దీనిని బిడ్డ హక్కుగా అంగీకరించినవి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, బిడ్డ పుట్టిన వెంటనే నమోదు జరుగవలెనని చెప్పుచున్నది. భారతదేశము 1992లో ఆ ఒడంబడికయందు చేరినది.

చట్టము చెప్పునదేమి?

మన దేశమున జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. ఆసుపత్రిలో ప్రసవమైనచో అచ్చటి వైద్యాధికారియే సమాచారమును పంపవలెను. ఇంటిలో ప్రసవమైనచో ఇంటి పెద్ద తెలుపవలెను. కావున నమోదు కాక మిగిలిపోవు భయము ఇంటి ప్రసవములకే హెచ్చు. బాట లేని కొండ మీది గూడెములనుండి డోలీలో మోసికొని వచ్చుచుండగా దారిలో పుట్టిన బిడ్డలను గూర్చి మరింత జాగ్రత్త వహింపవలెను.

గడువులను సభ్యులు కంఠస్థము చేసికొనుట మంచిది. పుట్టిన 21 దినములలోపల తెలిపినచో రుసుము లేదు. 21 దినములు దాటి 30 దినములలోపలనైనచో స్వల్పమగు ఆలస్య రుసుము చెల్లింపవలెను. 30 దినములు దాటి సంవత్సరము లోపలనైనచో నిర్ణీతాధికారి యొక్క వ్రాతపూర్వకమగు అనుమతి కావలెను. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు అధికారము గల అధికారి ఉత్తరువు ఉండవలెను. ఆలస్యమైన కొలది ఖర్చును, తిరుగుడును పెరుగునే గాని తగ్గవు.

బిడ్డకు ఇంకను పేరు పెట్టలేదని కొందరు నమోదును వాయిదా వేయుదురు. అది అనవసరము. పేరు లేకయే జననమును నమోదు చేయించి, 12 నెలలలోపల పేరును రుసుము లేకుండ చేర్పించుకొనవచ్చును.

మరియొక సంగతి ఈ ప్రాంతమునకు ముఖ్యమైనది. జననము ఎచ్చట జరిగినదో అచ్చటనే నమోదు కావలెను. కుటుంబము నివసించు చోట కాదు. పురిటికి తల్లి పుట్టింటికి పోవుట మన ఆచారము. మాచ్‌ఖండ్ నదికి అవతల ఒడిశా గ్రామములలో పుట్టిల్లు గల స్త్రీలు ఇచ్చట పెక్కుమంది కలరు. అచ్చట పుట్టిన బిడ్డను అచ్చటనే నమోదు చేయించి, పత్రమును తీసికొనియే తిరిగి రావలెనని ముందుగానే వారికి చెప్పి పంపవలెను.

2023లో ఈ చట్టమును సవరించిరి. ఆ సవరణ 2023 అక్టోబరు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఆ దినము నుండి పుట్టిన వారికి బడి ప్రవేశము, ఓటరు జాబితా, ఆధారు, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగము మొదలగు వానియందు పుట్టిన తేదీకి జనన పత్రమే ప్రమాణము. తలమీదుగా చెవి నందుకొను కాలము గడచిపోయినదని దీనిని బట్టి గ్రహింపవచ్చును. అయితే వయస్సు పత్రము లేదను కారణమున ఏ బిడ్డకును బడిలో ప్రవేశము నిరాకరింపరాదని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. పత్రము లేని బిడ్డను ముందు బడిలో చేర్పించి, పిమ్మట పత్రమునకై యత్నింపవలెను.

సెలవులలో పంచాయతీ చేయదగినవి

మామూలు దినములలో తల్లిదండ్రులు పోడునకో, కాఫీ తోటకో, సంతకో పోవుదురు. పెద్దపిల్లలు ఆశ్రమ పాఠశాలలలో నుందురు. అందరును ఇంటనుండునవి పండుగ సెలవులే. వేట దినముననో, నాట్యము జరుగు రాత్రియో పుస్తకము పట్టుకొని ఇంటింటికి పోవుట తగదు. పండుగ ముగిసి, పిల్లలు ఇంకను ఇంటనుండు రెండు మూడు దినములు ఈ పనికి అనుకూలమైనవి.

ఆ దినములలో వార్డు సభ్యుడు అంగన్‌వాడీ కార్యకర్తతోను, ఆశా కార్యకర్తతోను కలిసి తన వార్డులోని ఇండ్లను చూడవలెను. ప్రతి యింట పిల్లలెందరు, పత్రము ఎవరికి కలదు, ఎవరికి లేదు అను జాబితా వ్రాసికొనవలెను. పత్రము లేని బిడ్డ విషయమున తల్లి చెప్పు మాటను ఓపికతో వినవలెను. పేరును బట్టి వారము, పండుగను బట్టి మాసము, వెన్నెలను బట్టి పక్షము తెలియును. వీనిని పాత పంచాంగముతో సరిచూచినచో తేదీకి చాల దగ్గరగా రావచ్చును. టీకాల కార్డు, అంగన్‌వాడీ పుస్తకము దొరికినచో అవి మరింత గట్టి ఆధారములు. ఈ వివరములతో పంచాయతీ కార్యదర్శిని కలిసి, ఏ బిడ్డకు ఏ దరఖాస్తు కావలెనో తెలిసికొని, ఆ కుటుంబమునకు తోడు నిలువవలెను. తేదీని ఊహించి వ్రాయింపరాదు. ఒక అబద్ధపు తేదీని దిద్దుట క్రొత్త తేదీని వ్రాయించుట కంటె కష్టము.

ఇక మీదట పుట్టబోవు బిడ్డల విషయమున ఒక సులభమైన ఉపాయము కలదు. పురిటి స్నానము, పేరు పెట్టుట సాధారణముగా 21 దినములలోపలనే ముగియును. ఆనాడు బంధువులందరును వత్తురు. నమోదు కూడ ఆ శుభకార్యములో ఒక భాగమని ఊరి పెద్దలు నిర్ణయించినచో, గడువు దాటు భయముండదు.

సెలవులు ముగిసిన పిమ్మట ఇంకొక లెక్క చూడవలెను. బడికి తిరిగి పోనివారెవరు? అందులో బాలికలెందరు? పెండ్లి మాటలు జరుగుచున్నట్లు తెలిసినచో ముందుగా తల్లిదండ్రులతో మాటలాడవలెను. అవసరమైనచో 1098 సంఖ్యకు ఫోను చేసి బాలల సహాయ కేంద్రమునకు తెలుపవలెను.

తేదీ తెలిసిన ఇంట ఏటేట జన్మదినమును జరుపుకొనుట మంచిదే. అందుకు అప్పు చేయనక్కరలేదు. ఆనాడు బిడ్డకు తలంటి, ఉన్నంతలో ఇష్టమైనది వండిపెట్టి, టీకాల కార్డును ఒకసారి తీసి చూచినచో చాలును. ఏడాదిలో ఏ టీకా తప్పినదో, ఎంత బరువు పెరిగినదో తల్లిదండ్రులకు తెలియును.

రాబోవు గ్రామసభలో సభ్యులు ఒక్క ప్రశ్న అడుగవలెనని మా కోరిక. ఈ సంవత్సరము మన పంచాయతీలో పుట్టిన బిడ్డలెందరు, వారిలో పత్రము చేతికి వచ్చినవారెందరు? ఈ రెండు అంకెలును సమానమగు వరకు ప్రతి గ్రామసభలోను ఈ ప్రశ్నను విడువకుండ అడుగవలెను.