దుర్గంధమును భుజించు మడి

చచ్చిన ఎలుకను పెరటిలో మూరెడు లోతున పూడ్చినచో ఆ తరువాత దాని వాసన రాదు. మట్టి వాసనను కప్పిపుచ్చినదని పలువురు తలంతురు. నిజమునకు మట్టి దానిని తినివేయుచున్నది. పిడికెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించును. దుర్గంధ వాయువులు వాటికి ఆహారము.

ఈ సంగతి ఆధారముగా ఏర్పడిన సాధనమే జీవ వడపోత, అనగా బయోఫిల్టరు. 1957లో రిచర్డ్ పామెరాయ్ అను ఇంజనీరు, దుర్వాయువులను మట్టిమడి గుండ పంపి శుద్ధిచేయు పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందెను. మొదట మురుగునీటి కేంద్రములలో వాడిన ఈ ఉపాయము తరువాత పశుశాలలకును వచ్చినది.

పశుశాలలో అంత వాసన యేల పుట్టును? అమెరికాలోని మిన్నెసోటా, అయోవా రాష్ట్రములలో పందులను వేలకొలదిగా మూసిన శాలలలో పెంచుదురు. మలమూత్రములు నేలలోని సందులగుండ క్రింది గుంటలో పడి నెలల తరబడి నిలువయుండును. అచటికి ఆమ్లజని అందదు. ఆమ్లజని లేనిచోట సూక్ష్మజీవుల భోజనము సగములోనే ఆగిపోవును. ఆ విస్తరిలో మిగిలిన ఎంగిలియే కుళ్ళిన గ్రుడ్డు వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు, పాడైన వెన్నవలె కంపుకొట్టు క్రొవ్వు ఆమ్లములు. మూత్రములోని యూరియా విడిపోయి ముక్కు మండించు అమ్మోనియా పుట్టును. పశువులు బ్రతుకవలెనన్నచో పంకాలు ఈ గాలిని రేయింబవళ్ళు బయటికి నెట్టవలసినదే. అది పొరుగు ఇండ్లకు చేరి, తగవులు కోర్టులకెక్కిన సందర్భములును కలవు.

జీవ వడపోతలో పంకా నెట్టిన గాలిని ఆరుబయట వదలక, గొట్టము ద్వారా ఒక మడి అడుగునకు పంపుదురు. అడుగున సందులుగల చెక్కచట్రము, దానిపై చెక్కపేళ్లు, కంపోస్టు ఎరువు కలిపిన పొర యుండును. పొర మందము సాధారణముగా 25 నుండి 45 సెంటీమీటర్లు. పేళ్లు గాలికి దారినిచ్చును. కంపోస్టు సూక్ష్మజీవులను, వాటికి వలసిన పోషకములను సమకూర్చును.

పేళ్లమీది పలుచని నీటిపొరలో బాక్టీరియా, బూజులు కాపురముండును. గాలి పైకి పోవునపుడు అందలి వాయువులు ఆ నీటిలో కరగును. ఇచట ఆమ్లజనికి కొరత లేదు గనుక, గుంటలో సగమున ఆగిన భోజనము ఇచట పూర్తియగును. హైడ్రోజన్ సల్ఫైడు సల్ఫేటుగాను, అమ్మోనియా నైట్రేటుగాను మారును. క్రొవ్వు ఆమ్లములు బొగ్గుపులుసు వాయువు, నీరు అగును. జల్లెడలో చిక్కిన నలుసులు అందే మిగిలియుండును. ఈ మడిలో చిక్కిన వాయువులు రూపుమాసిపోవును. అందుచేతనే ఒక మడి కొన్ని ఏండ్లు పనిచేయగలదు.

మడి ఎంత పెద్దదిగా నుండవలెను? పందిశాల గాలి మడిలో సుమారు 5 సెకండ్లు నిలిచిన చాలును. సెకండుకు 10 ఘనమీటర్ల గాలిని నెట్టు శాలకు 10 × 5 = 50 ఘనమీటర్ల మడి కావలెను. పొర మందము 40 సెంటీమీటర్లైనచో 125 చదరపు మీటర్ల స్థలము పట్టును. చక్కగా నడచు మడి వాసనను నూటికి 80 పాళ్లకు పైగా తగ్గించగలదు. అమ్మోనియా విషయమున ఫలితము అంతకంటె తక్కువ.

మడి ప్రాణమంతయు తేమలో నున్నది. దాని బరువులో ఇంచుమించు సగము నీరుండుట మంచిది. ఎండినచో సూక్ష్మజీవులు పని మానును. తడి మితిమీరినచో సందులు పూడి, మడిలోనే కుళ్ళు పుట్టును. గాలికి అడ్డు హెచ్చినచో పంకా బలము చాలక శాలలోని పశువులకు ఊపిరాడదు. ఎలుకలు బొరియలు త్రవ్వినచో గాలి శుద్ధిపడకయే ఆ దారిన జారిపోవును. కావున తోటమాలి మడిని చూచుకొన్నట్లే దీనిని దినదినము కనిపెట్టుచుండవలెను.

ఈ పద్ధతికి రెండు హద్దులు కలవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని కోళ్లషెడ్లు చాలవరకు ప్రక్కలు తెరచియుండును. ఒకచోటికి చేరని గాలిని మడికి పంపుట సాధ్యము కాదు. అట్టిచోట రెట్టను తడియనీయకుండుటయే ముఖ్యమైన ఉపాయము.

రెండవ హద్దు మనుష్యుల ప్రాణములకు సంబంధించినది. మడి శుద్ధిచేయునది బయటికి పోవు గాలిని మాత్రమే. గుంటలోని గాలి ఎప్పటివలెనే విషమయముగా నుండును. హైడ్రోజన్ సల్ఫైడు అధికమైనచో ముక్కు మొద్దుబారి, వాసనయే తెలియదు. అట్టి గుంటలో దిగినవాడు నిమిషములలో మరణింపవచ్చును. అతనిని రక్షింప వెంటనే దిగినవారికిని అదే గతి పట్టవచ్చును. పెరటి గాలి ఎంత హాయిగా నున్నను, గాలిని పరీక్షింపక, తగిన శ్వాస పరికరము లేక ఎవ్వరును గుంటలో దిగరాదు.