ఎండాకాలం... చల్లచల్లగా ఎక్కడ?

ఎండలు ముదిరాయి. సాయంత్రం పిల్లాపాపలతో బయలుదేరే కుటుంబాల కోసం హైదరాబాద్‌లో చల్లని రుచులు దొరికే చోట్లు చెబుతున్నాం.

ముందుగా మొజంజాహీ మార్కెట్. ఏడవ నిజాం కుమారుడు మొజంజా పేరిట 1935లో కట్టిన ఈ రాతి మార్కెట్‌ను 2020లో పునరుద్ధరించారు. ఇక్కడి పాత దుకాణాల్లో పండ్ల ఐస్‌క్రీమ్‌కు పెట్టింది పేరు. వేసవిలో మామిడిదే పెద్దపీట.

చార్మినార్ వైపు నడిస్తే ఫాలూదా. సేమ్యా, నానిన సబ్జా గింజలు, గులాబీ షర్బత్, చల్లని పాలు... ఒక్క గ్లాసుతో కడుపు నిండుతుంది. పాతబస్తీ బండ్లపై ఊదారంగు ఫాల్సా పండ్లు కనిపిస్తే వదలకండి. అవి కొద్ది వారాలే ఉంటాయి. ఉప్పు చల్లి తింటే పులుపూ తీపీ కలిసి నోరూరుతుంది.

తాటిముంజలైతే రోడ్ల పక్కనే అమ్ముతారు. లేతవి అడిగి తీసుకోండి. వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి. ముదురువి పిల్లలకు అరగవు. ఎవరో తాటిచెట్టెక్కి దింపిన కాయలవి, పది రూపాయల కోసం గీచిగీచి బేరమాడకండి.

ఒక్క జాగ్రత్త. సరుకు నిల్వకు వాడే ఐస్ తాగడానికి పనికిరాదు. నీళ్లు మంచివి కాకపోతే కామెర్లు, టైఫాయిడ్ వస్తాయి. ఐస్ ఎక్కడిదో తెలియకపోతే చెరుకురసం ఐస్ లేకుండానే అడగండి. రుచి ఏమీ తగ్గదు!