బుల్లి హెలికాప్టర్: బిగింపు, సవరింపు

తమ్ముళ్ళూ, వార్షికోత్సవం నాడు మన గ్రౌండ్‌లో బ్యాటరీ హెలికాప్టర్ ఎగరేస్తామని వార్డెన్ గారు చెప్పినప్పటి నుంచి మీరు "అన్నా, అది గాలిలో ఒకేచోట ఎలా నిలబడుతుంది?" అని అడుగుతూనే ఉన్నారు. మేము ఈ హాస్టల్‌లోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు పి.జి. ఫిజిక్స్ చేస్తున్న నలుగురం. స్కాలర్‌షిప్ వచ్చిన నెలలో తలా కొంత వేసుకుని, ఎవరో వాడి వదిలేసిన హెలికాప్టర్‌ను కొన్నాము. విడిభాగాల కోసం ఒక దుకాణానికి వెళితే మమ్మల్ని ఎగాదిగా చూసి "ఇది మీవల్ల అయ్యే పని కాదు" అన్నారు. అయ్యే పనే. కాకపోతే ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే మాత్రం రెక్కలు విరుగుతాయి, విరిగిన ప్రతిసారీ డబ్బు.

ఇలాంటి దాన్ని 450 తరగతి హెలికాప్టర్ అంటారు. పై రెక్కలు తిరిగే వలయం అడ్డకొలత సుమారు 70 సెంటీమీటర్లు, బరువు ముప్పావు కిలో. 11.1 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీతో ఆరేడు నిమిషాలు ఎగురుతుంది. మోటారు ఇరుసు మీది చిన్న పళ్ళచక్రానికి 13 పళ్ళు, రెక్కలను తిప్పే పెద్దదానికి 150. అంటే మోటారు పదకొండున్నర చుట్లు తిరిగితే రెక్కలు ఒక చుట్టు తిరుగుతాయి. నిమిషానికి 2,400 చుట్లు అనుకుని లెక్క కడితే రెక్క కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే ఇది బొమ్మ కాదు. వేలు పెడితే వేలు పోతుంది, కంటికి తగిలితే కన్ను పోతుంది.

కాబట్టి మొదటి పని, మోటారుకు వెళ్ళే మూడు వైర్లలో రెండు ఊడదీయడం. అప్పుడు బ్యాటరీ తగిలించినా రెక్కలు తిరగవు, మిగతావన్నీ పని చేస్తాయి. ముందు రిమోట్ ఆన్ చేసి, తరువాత హెలికాప్టర్‌కు బ్యాటరీ కలపాలి. తీసేటప్పుడు ముందు బ్యాటరీ, ఆపైన రిమోట్.

ఇక అసలు యంత్రం. నిలువు ఇరుసు చుట్టూ స్వాష్ ప్లేట్ అనే పళ్ళెం ఉంటుంది. దాన్ని మూడు సర్వోలు, అంటే రిమోట్ చెప్పినట్టు చేయి తిప్పే చిన్న మోటార్లు, మూడు కడ్డీలతో పట్టుకుని ఉంటాయి. మూడూ ఒకేసారి పైకి కదిలితే రెండు రెక్కల వాలూ పెరిగి హెలికాప్టర్ లేస్తుంది. పళ్ళెం ఒక పక్కకు ఒరిగితే హెలికాప్టర్ అటు పోతుంది. లేవడానికి రెక్కల వేగం పెంచుతారని చాలామంది అనుకుంటారు. నిజానికి వేగం దాదాపు ఒకేలా ఉంటుంది, మారేది వాలు.

రిమోట్ కర్ర నట్టనడుమ ఉన్నప్పుడు సర్వో చేయి కడ్డీకి సరిగ్గా 90 డిగ్రీల కోణంలో ఉండాలి. లేకపోతే స్క్రూ విప్పి, చేయిని ఒక పన్ను జరిపి మళ్ళీ బిగించాలి. ఆ తరువాత కడ్డీల పొడవు సరిచేసి పళ్ళేన్ని మట్టంగా నిలపాలి. కర్ర కింద, నడుమ, పైన, మూడుచోట్లా మట్టం చూడాలి. రిమోట్‌లోని మీటలతో కూడా ఈ తేడాను కప్పిపుచ్చవచ్చు, అది సులువు కూడా. అయినా మా అభిప్రాయంలో అది పునాది వంకర ఉంచుకుని గోడకు సున్నం కొట్టడమే. చేతితో సరిచేయగలిగింది చేతితోనే చేయాలి.

కర్ర నడుమ ఉంటే రెక్కల వాలు సున్నా డిగ్రీలు ఉండాలి. దీన్ని కొలిచే చిన్న కొలబద్ద దొరుకుతుంది. నేర్చుకునేవారికి కింద మైనస్ 2 లేక 3, పైన 9 లేక 10 డిగ్రీలు చాలు. 5, 6 డిగ్రీల దగ్గర హెలికాప్టర్ గాలిలో నిలబడుతుంది.

బరువు సరిచూడటానికి మాకు గుర్తొచ్చింది కావడి. రెక్కలకు అడ్డంగా, చివర్లలో చిన్న తెడ్లున్న కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని తోకకు అడ్డంగా తిప్పి, రెండు వేళ్ళ మీద పైకెత్తితే హెలికాప్టర్ మట్టంగా వేలాడాలి. ముక్కు వాలితే బ్యాటరీని వెనక్కి, తోక వాలితే ముందుకు జరపాలి.

తోక దగ్గర గైరో అనే పరికరం ఉంటుంది. పై రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే దేహం రెండోవైపు తిరగబోతుంది. దాన్ని తోక రెక్క ఆపుతుంది, ఎంత ఆపాలో గైరో చెబుతుంది. పరీక్ష ఇలా చేయాలి. రిమోట్‌తో ముక్కు కుడికి అని చెప్పి, తోక దగ్గరి కడ్డీ ఎటు కదిలిందో గుర్తు పెట్టుకోండి. తరువాత హెలికాప్టర్ ముక్కును చేతితో ఎడమకు తిప్పండి. కడ్డీ మళ్ళీ అటే కదలాలి. వ్యతిరేకంగా కదిలితే గైరో మీద మీట మార్చాలి. మార్చకుండా లేపితే బొంగరమే. బ్యాటరీ కలపగానే కొన్ని సెకన్లు హెలికాప్టర్‌ను కదపకూడదు, గైరో తన సున్నాను అప్పుడే నిర్ణయించుకుంటుంది. గైరో బలం మరీ ఎక్కువ పెడితే తోక వణుకుతుంది. వణుకు ఆగేదాకా తగ్గించాలి.

ఇవన్నీ అయ్యాకే మోటారు వైర్లు కలపాలి. పళ్ళచక్రాల నడుమ పలుచని కాగితం ముక్క పెట్టి, రెండింటినీ దగ్గరకు నొక్కి, మోటారును బిగించి, కాగితం లాగేస్తే కావలసినంత సందు మిగులుతుంది. రెండు రెక్కల బరువు ఒకటే ఉండాలి. తేలికగా ఉన్నదానికి టేపు ముక్క అంటిస్తే సరిపోతుంది.

తరువాతిది ట్రాకింగ్. ఒక రెక్క కొసకు ఎర్ర టేపు, రెండోదానికి నల్ల టేపు వేసి తిప్పితే రెండు రంగులూ ఒకే గీత మీద కనిపించాలి. ఎరుపు పైన కనిపిస్తే ఎర్ర రెక్క వాలు ఎక్కువన్నమాట. మోటారు ఆపి, బ్యాటరీ తీసి, దాని లింకును అర చుట్టు తిప్పి మళ్ళీ చూడాలి. సైకిల్ రిమ్ము వంకర తీసేటప్పుడు పుల్లలను కొద్దికొద్దిగా బిగించడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇదీ అంతే, ఒకసారికి ఒకే మార్పు. రెండు చోట్ల మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు. చూసేవారు అయిదారు మీటర్ల దూరంలో ఉండాలి, కన్ను రెక్కల మట్టానికి తేకూడదు.

ఎగిరించేటప్పుడు ఒక విషయం కొత్తవారిని కంగారు పెడుతుంది. మా హెలికాప్టర్ పై రెక్కలు గడియారం ముల్లులా తిరుగుతాయి. తోక రెక్క దేహాన్ని ఎడమకు నెడుతుంది. అందుకని నిలబడి ఉన్నప్పుడు అది కొంచెం కుడికి ఒరిగే ఉంటుంది. అది లోపం కాదు, సరిచేయబోకండి. నేలకు మరీ దగ్గరగా ఉన్నప్పుడు రెక్కల గాలి నేలను కొట్టి తిరిగివస్తుంది కాబట్టి హెలికాప్టర్ తూలుతుంది. మీటరు పైకి లేచాకే ఎటు జారుతోందో చూసి, అప్పుడు రిమోట్ ట్రిమ్ మీటను ఒకటి రెండు మెట్లు కదపాలి.

బ్యాటరీ గురించి గట్టిగా చెప్పాలి. ఒక్కో సెల్‌ను 4.2 వోల్టులకు మించి ఎక్కించకూడదు, 3 వోల్టులకు దిగనీయకూడదు. ఉబ్బినదాన్ని వాడకూడదు. ఛార్జింగ్ ఎప్పుడూ సిమెంటు నేల మీద, మనిషి ఎదురుగా ఉండగానే. మన గదుల్లో పరుపులు, ట్రంకు పెట్టెలు, పుస్తకాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మంచం మీద పెట్టి భోజనానికి పోతే ఏమవుతుందో ఊహించుకోండి.

వార్షికోత్సవం నాడు గ్రౌండ్‌లో ముగ్గు గీత వేస్తాము. అందరూ దాని వెనకే కూర్చోవాలి, చిన్న తరగతుల వారిని మధ్యలో కూర్చోబెట్టండి. గాలి ఎక్కువగా ఉంటే ఎగరేయము. అయిపోయాక రెక్కలు విప్పేసి బల్ల మీద పెడతాము. స్క్రూడ్రైవర్ కూడా పక్కనే ఉంటుంది.