కనుబొమల వ్యాకరణము

నేను చిరకాలము పాఠశాలలో వ్యాకరణము చెప్పినవాడను. "రాముడు వచ్చెను" అనునది వార్త. "రాముడు వచ్చెనా" అనునది ప్రశ్న. తుది దీర్ఘ మొక్కటియే అర్థమును మార్చినది. వినికిడి లేనివారి సంజ్ఞాభాషలో ఈ దీర్ఘమునకు బదులేమి? కనుబొమలే.

అమెరికా బధిరుల సంజ్ఞాభాషను గైకొందము. దానికి స్వకీయమైన నిర్మాణము కలదని 1960లో విలియం స్టోకీ పండితుడు నిరూపించెను. అందు అవును, కాదు అను సమాధానము కోరు ప్రశ్నకు కనుబొమలెత్తుదురు. ఎవరు, ఎచ్చట అని యడుగునపుడు సామాన్యముగా బొమలు ముడుతురు. "వాన కురియును, ఆట నిలుచును" అను సంజ్ఞలలో మొదటి భాగమున బొమలెత్తినచో, "వాన కురిసినచో" అని యర్థము. తల నడ్డముగా నూపుటచేతనే నిషేధ మేర్పడవచ్చును. చేతులు "నొప్పి" యనుచుండగా తల "లేదు" అనును.

కావున చేతులను మాత్రమే చూచు అనువాదయంత్రము, నొప్పి లేదన్న రోగికి నొప్పి యున్నదని వైద్యునకు చెప్పును. అందుచేత కంప్యూటరునకు ముఖమును చదువ నేర్పవలసివచ్చినది.

అది చదువు విధమెట్టిది? కెమెరా పట్టిన ప్రతి చిత్రమునందును ముఖముపై కొన్ని బిందువులను గుర్తించును. గూగుల్ సంస్థవారు 2019లో వెలువరించిన విధానమున నివి 468. బొమకును కంటికిని నడుమ దూరమును కొలిచి, ముఖపరిమాణముతో పోల్చి, క్షణక్షణము నది పెరుగుటయు తరుగుటయు గమనించును.

భరతముని నాట్యశాస్త్రమున భ్రూకర్మలు ఏడని లెక్కించి, ఉత్క్షేపము, భ్రుకుటి మున్నగు పేర్లిడెను. 1978లో ఎక్మన్, ఫ్రీసన్ అను వారు ముఖచలనములకు సంఖ్యలిచ్చిరి. బొమ లోపలి కొన లేచుట 1. వెలుపలి కొన లేచుట 2. బొమ క్రిందికి దిగుట 4. యంత్రమునకు నిట్టి సంఖ్యలు మిక్కిలి యనుకూలములు.

అయినను చిక్కులు తీరలేదు. తల వంచినచో బొమ కదలకున్నను దూరము మారినట్లు తోచును. సంజ్ఞ చేయు చేయి ముఖమున కడ్డువచ్చును. అన్నింటికంటె పెద్దచిక్కు వేరొకటి. వినువారి కోపతాపముల చిత్రములతో మాత్రమే శిక్షణ పొందిన యంత్రము, "ఎచ్చట?" అని బొమ ముడిచిన బధిరుని చూచి "ఇతడు కోపించెను" అని తలపగలదు. తెలియగోరి యడుగువానిని కలహమాడువానిగా నెంచుట యెంత యన్యాయము!

ఈ భేదము నెఱుగుటకొక యుపాయము కలదు. వ్యాకరణమునకై చేసిన ముఖచేష్ట సామాన్యముగా వాక్యభాగముతో మొదలై, దానితోడనే ముగియును. కోపమున కట్టి నియమము లేదు. అది వాక్యపు మేరలను పాటింపక పెరిగి తరుగును. కాబట్టి యంత్రమొక్క చిత్రమును గాక, చేతులతోగూడ వాక్యమంతయు చూడవలెను.

అట్లు చూచుట నేర్పుటకు, సంజ్ఞాభాషలోని చలనచిత్రములలో బొమ యెచ్చట లేచెనో, యెచ్చట దిగెనో, యేల లేచెనో గుర్తించి వ్రాసిపెట్టవలెను. ఆ భాష మాతృభాషగా గల బధిరులకంటె ఈ పనికి తగిన గురువు లెవ్వరు? వారిని దూరముంచి యంత్రమును నిర్మించుట, తెలుగెఱుగనివాడు తెలుగు వ్యాకరణము వ్రాయుటవంటిది. ఈ విద్యకు పూనుకొన్న యువకులు ముందుగా వారికడ శిష్యులగుదురు గాక!