మెడలో దారంతో ముంగిస ఇంటికొస్తే ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్‌లో మన లేపాక్షిలోనే, మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి చెప్తాను.

తప్పిపోయిన కుక్కపిల్ల దొరికితే ఏం చేయాలో మనలో చాలామందికి తెలుసు. వీధిలో నాలుగిళ్లు అడుగుతాం, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం, ఎవరో ఒకరు "మాదే" అంటూ వస్తారు. మరి దొరికింది ముంగిస అయితే? దాని మెడలో ఎవరో కట్టిన దారం కూడా ఉంటే? పోయిన ఎండాకాలం మాకు ఇదే ఎదురైంది. మేం చేసిన తప్పులు కూడా దాచకుండా చెప్తాను. ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం ఆ తప్పులే.

మా ఇల్లు ఊరి చివర. వెనక పశువుల తొట్టి, ఆ పక్కన చెనక్కాయ చేను. ఏప్రిల్‌లో మన దగ్గర ఎండ ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. చేలు ఖాళీగా ఉంటాయి, కుంటలు నెర్రెలు పడుంటాయి. నీళ్లున్న చోటికే అన్నీ వస్తాయి. ఆరోజు మధ్యాహ్నం తొట్టి అంచు మీద ఒక ముంగిస కనిపించింది. మామూలుగా మనిషి అలికిడి వింటే చాలు, ముంగిస కంచెలోకి దూరిపోతుంది. ఇది పోలేదు. మా పాప చెయ్యి చాపితే మూతి పెట్టి వాసన చూసింది. మెడ చుట్టూ ఎర్ర దారం. "ఎవురో సాకినట్లుందే ఇది" అంది మా అమ్మ.

మొదటి తప్పు ఇక్కడే జరిగింది. పాపని అంత దగ్గరికి వెళ్లనివ్వకూడదు. అడవి జంతువు మనిషిని చూసి భయపడట్లేదంటే దానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, మనుషుల దగ్గర పెరిగి ఉండటం. రెండోది, జబ్బు. రేబిస్ అంటే కుక్కలకే అనుకుంటాం కానీ ముంగిసకీ వస్తుంది. నోట్లోంచి చొంగ కారుతున్నా, నడక తూలుతున్నా, కనిపించిన ప్రతిదాన్నీ కొరుకుతున్నా దాని జోలికి పోవద్దు. పిల్లల్నీ కుక్కల్నీ లోపలికి తీసుకెళ్లి తలుపేసుకుని ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేయండి. అలాంటివేమీ లేకుండా మెడలో దారమో తాడో కనిపిస్తేనే, తప్పిపోయిన పెంపుడు ముంగిస అయ్యుండొచ్చు అని అనుకోవాలి.

ఒకవేళ కరిస్తే? కారం పెట్టడం, సున్నం పూయడం, పసుపు అద్దడం, ఇవేవీ వద్దు. కుళాయి కింద ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. తర్వాత నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. చిన్న గాటే కదా అని వదిలేయొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే టీకా ముందే పడాలి.

సరే, మా కథలోకి వద్దాం. దాన్ని గోనె సంచి కప్పి పట్టుకున్నాం. ఉత్త చేతుల్తో పట్టుకోలేదు, ఆ ఒక్కటీ సరిగ్గానే చేశాం. తర్వాత ఒక గిన్నెలో పాలు పోసి పెట్టాం. ఇది రెండో తప్పు. రాత్రికల్లా దానికి విరేచనాలు పట్టుకున్నాయి. మనకి ఏ జంతువు దొరికినా ముందు పాలే గుర్తొస్తాయి. కానీ పెద్ద ముంగిసకి ఆవుపాలు అరగవు. అసలే ఎండకి ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది, దానికి విరేచనాలు తోడైతే ఒక్కరోజులో ప్రాణం మీదికొస్తుంది.

మరి ఏం పెట్టాలి? ముందు నీళ్లు. లోతులేని పళ్లెంలో మామూలు నీళ్లు పెట్టి పక్కకి జరగండి, అదే తాగుతుంది. బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిండి అంటే ఉడకబెట్టిన గుడ్డు ముక్క, లేదా ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, కొంచెం చాలు. ముంగిస ఎలుకలు, తొండలు, పురుగులు, తేళ్లు, గుడ్లు, పాములు తినే ప్రాణి. అన్నం, బిస్కెట్లు, బెల్లం దాని తిండి కాదు. చచ్చిన ఎలుకని తెచ్చి పెడదాం అని కూడా అనుకోవద్దు, అది ఎవరో పెట్టిన ఎలుకల మందు తిని చచ్చి ఉండొచ్చు.

ఎక్కడ ఉంచాలి? గట్టి అట్టపెట్టె గానీ, మూత ఉన్న టమాటా క్రేటు గానీ చాలు. గాలి ఆడాలి. మూత మీద బరువు పెట్టాలి, ఎందుకంటే తల పట్టే సందు ఉంటే ఒళ్లంతా దూర్చేస్తుంది. లోపల పాత నూలుగుడ్డ వేయండి, దాక్కున్నాననే ధైర్యం వస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ తాడుతో కట్టేయొద్దు. గింజుకుని గింజుకుని ఉరి పడుతుంది. రేకుల కొట్టంలో పెట్టొద్దు, మధ్యాహ్నానికి పొయ్యి అయిపోతుంది. బండలు పరిచిన గది, చీకటిగా నిశ్శబ్దంగా ఉండే మూల మంచిది. పెట్టెలో సగం భాగం మీద మాత్రం తడి గోనె కప్పండి, ఎటు కావాలంటే అటు జరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతూ బోర్లా పడిపోతే వడదెబ్బ తగిలినట్టే. అప్పుడు మామూలు నీళ్లలో తడిపిన గుడ్డని పాదాలకీ పొట్టకీ తగిలించండి. ఫ్రిజ్ నీళ్లు గుమ్మరించకండి.

ఇంకొక్క మాట. దొరికింది కళ్లు తెరవని పిల్లలైతే లెక్క వేరు. ముంగిస ఒక్కో ఈతలో రెండు నుంచి నాలుగు పిల్లల్ని పెడుతుంది. దుక్కి దున్నేటప్పుడు గట్టు కింద బొరియ తెగి పిల్లలు బయటపడుతుంటాయి. వాటిని ఇంటికి తేవద్దు. అక్కడే నీడ ఉండేట్టు చూసి, దూరంగా నిలబడి రెండు మూడు గంటలు గమనించండి. తల్లి చాలాసార్లు తిరిగొచ్చి ఒక్కోదాన్నీ నోట కరుచుకుని వేరే బొరియకి మారుస్తుంది. మనం జాలిపడి ఎత్తుకొచ్చేస్తే తల్లి నుంచి విడదీసినట్టే.

ఇక మూడో తప్పు. ఇది నేనే చేశాను. ఆ సాయంత్రం ముంగిస ఫోటో తీసి గ్రూపులో పెట్టాను, "ఎవరిదైనా తప్పిపోయిందా" అని. పొద్దున్నే ఒక ఫోన్. ఊరు చెప్పలేదు, పేరు చెప్పలేదు. "ఎంతకిస్తావు?" అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది. పెయింటింగ్ బ్రష్షులు చేయడానికి ముంగిస వెంట్రుకలు వాడతారు. అది నేరం, అయినా దొంగచాటుగా జరుగుతోంది. 2019లో కేంద్ర వన్యప్రాణి నేర నియంత్రణ విభాగం 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో దేశవ్యాప్తంగా దాడులు చేసింది ఈ వ్యాపారం మీదే. ఒక కిలో వెంట్రుకల కోసం యాభై ముంగిసల దాకా చంపుతారని వన్యప్రాణి సంస్థల అంచనా. కాబట్టి కుక్క దొరికితే పదిమందికీ చెప్పండి. ముంగిస దొరికితే మాత్రం ఫోటోలు, రీల్సు వద్దు. చెప్పాల్సింది ఫారెస్టు వాళ్లకి.

"ఎందుకండీ అంత రాద్ధాంతం? ఫారిన్‌లో ముంగిసలాంటివాటిని ఒళ్లో పెట్టుకుని పెంచుతున్నారు కదా, వీడియోల్లో చూస్తున్నాం" అని కొందరు అడుగుతారు. మీరు చూసేది ఫెర్రెట్. చూడ్డానికి ముంగిసలాగే సన్నగా పొడుగ్గా ఉంటుంది కానీ రెండూ చుట్టాలు కావు. ఫెర్రెట్ కుక్కల వైపు కొమ్మకి చెందింది, నీటికుక్కకి దగ్గర బంధువు. ముంగిస పిల్లుల వైపు కొమ్మకి చెందింది. ఫెర్రెట్‌ని కుందేళ్ల వేట కోసం మనుషులు రెండు వేల ఏళ్లకు పైగా పెంచుతున్నారు. అది పూర్తిగా ఇంటి జంతువైపోయింది, అడవిలో వదిలేస్తే బతకడం కష్టం. అందుకే ఆ దేశాల్లో తప్పిపోయిన ఫెర్రెట్ దొరికితే యజమానిని వెతికి ఇచ్చేస్తారు. ముంగిస అట్లా కాదు. ఎంత మచ్చికైనా అది అడవి జంతువే.

చట్టం కూడా అదే చెప్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిసని పట్టుకోవడం, పెంచుకోవడం, అమ్మడం, అన్నీ నేరమే. చట్టానికి విరుద్ధంగా పెంచిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటిది మన చేతికి ఏ విధంగా వచ్చినా 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ అటవీ అధికారికి గానీ తెలియజేయాలి. చూసుకుంటే మనకి ఉన్నది ఆ రెండు రోజుల బాధ్యతే. గాయం ఉంటే దగ్గర్లో పశువైద్యుడు ఎవరున్నారో కనుక్కోవడానికి మన రాష్ట్రంలో 1962 నంబరు ఉంది. పశువుల అంబులెన్సులకి పెట్టిన టోల్‌ఫ్రీ నంబరు అది. ఫోన్ చేశాక తేదీ, టైము ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మీకే మంచిది.

నేను ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేసేసరికి ఆదివారం పది గంటలైంది. సాయంత్రం వస్తామన్నారు. ఈలోగా గ్రూపులో ఫోటో చూసిన వాళ్లెవరో చెప్పినట్టున్నారు, పక్క పల్లె నుంచి ఒక తాత నడుచుకుంటూ వచ్చాడు. డెబ్బై ఏళ్ల పైనే ఉంటాయి. "ఏమప్పా, మీ ఇంట్లో ముంగిస ఉందంట?" అన్నాడు. పెట్టె మూత కొంచెం తీయగానే ఆ ముంగిస ఆయన గొంతు గుర్తుపట్టి కిచకిచలాడింది. దుక్కి దున్నేటప్పుడు దొరికిందట, అరచేతిలో పట్టేంత ఉండేదట. "చేను కాడ ఒక్కన్నే ఉంటాను. పాములు తిరిగే తావు. ఇది ఉంటే నాకు ధైర్యం" అన్నాడు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. నాగుపాము విషంలో నరాలను పట్టేసే పదార్థం ముంగిస శరీరంలో సరిగ్గా అతుక్కోదు, అది పుట్టుకతోనే వచ్చిన తేడా. ఏదో ఆకు నమిలి విషం విరగ్గొట్టుకుంటుందని మన పెద్దలు చెప్పేది మాత్రం నిజం కాదు. పాము ఎక్కువ విషం ఎక్కిస్తే ముంగిస కూడా చస్తుంది. అయితే పాముల్ని, ఎలుకల్ని పట్టే ఆ పనికి దాన్ని కట్టేసుకోవాల్సిన అవసరం లేదు. చేను గట్ల మీద కంపా, రాళ్లకుప్పలూ మిగిల్చి, ఎలుకల మందు వాడకం తగ్గిస్తే ముంగిసలు వాటంతటవే ఉంటాయి. ఇదే మాట తాతకి నిదానంగా చెప్పాను. ఆయన వినలేదనను, విన్నాడు. కానీ గేటు దగ్గర అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. అమ్మ పెట్టిన అన్నం కూడా తినలేదు.

సాయంత్రం ఫారెస్టు వాళ్లు వచ్చారు. వెంట ఒక పశువైద్యుడు కూడా ఉన్నాడు. మందపాటి తోలు గ్లవుజులు వేసుకుని ముంగిసని పట్టి, మెడలో దారం కత్తిరించబోయాడు. కత్తెర దూరలేదు. వెంట్రుకలు పక్కకి తీసి చూస్తే దారం చర్మంలోకి దిగిపోయి ఉంది. పిల్లగా ఉన్నప్పుడు కట్టింది. ముంగిస పెరిగింది, దారం పెరగదు కదా. కింద మెడ చుట్టూ పుండు, చీము. మాకు నిన్నటి నుంచీ కనబడింది ఎర్ర దారమే.

తాత దగ్గరికొచ్చి చూశాడు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నేను సూసుకోలేదే" అన్నాడు. తర్వాత తనే బోను తలుపు పట్టుకున్నాడు, వాళ్లు లోపల పెట్టడానికి.

పది రోజుల తర్వాత ఫోన్ చేసి అడిగాను. పుండు మానుతోందన్నారు. తనంతట తాను వేటాడి తింటేనే బయట వదులుతామని, లేకపోతే వాళ్ల దగ్గరే ఉంచుతామని చెప్పారు. ఆ మాట తాతకి చెప్పడానికి చేను దాకా వెళ్లాను. ఆయన అడిగింది ఒకటే: "మెడ మీద బొచ్చు వచ్చిందా?"

కాబట్టి గుర్తుపెట్టుకోండి. ఉత్త చేతులు వద్దు, పాలు వద్దు, తాడు వద్దు, ఫోటోలు వద్దు. నీడ, నీళ్లు, నిశ్శబ్దం, 48 గంటల్లోపు ఒక ఫోన్. మీ ఇంట్లో కుక్కకో పిల్లికో చిన్నప్పుడు కట్టిన పట్టీ ఉంటే, ఈరోజే దాని కింద రెండు వేళ్లు దూర్చి చూడండి. దూరకపోతే వెంటనే వదులు చేయండి.