వహీ అంటే మనసుకి తట్టిన ఆలోచనేనా?

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, వహీ అంటే ప్రవక్తగారికి మంచి ఆలోచన తట్టడమే కదా? ఆలోచనలు మనకీ తడతాయి కదా?" ఈరోజు దీని గురించే మాట్లాడుకుందాం.

అరబీలో వహీ అంటే చాటుగా, చప్పున అందే సందేశం. ఖుర్ఆన్ ఈ మాటను ప్రవక్తల విషయంలోనే వాడలేదు. కొండల్లో, చెట్లలో ఇల్లు కట్టుకోమని తేనెటీగకి తెలిపిన చోట ఇదే మాట. పసివాడైన మూసా (అ)ను నదిలో వదలమని ఆయన తల్లికి సూచించిన చోటా ఇదే మాట. అయితే ప్రవక్తలకి వచ్చే వహీ వేరు. అది జనానికి చేర్చాల్సిన సందేశం.

అదెలా వస్తుంది? 42వ సూరా 51వ ఆయత్ మూడు దారులు చెబుతుంది: మనసులో వేయడం, తెర వెనక నుంచి మాట్లాడడం, దూతను పంపడం. ప్రవక్తల కలలు కూడా వహీయే. మన బక్రీద్ వెనకున్న ఇబ్రాహీం (అ) త్యాగం మొదలైంది కలతోనే. మూసా (అ)తో అల్లాహ్ తెర వెనక నుంచి మాట్లాడాడు. ముహమ్మద్ (స) దగ్గరికి 610లో, మక్కా పక్కన హిరా గుహలోకి జిబ్రీల్ దూత వచ్చాడు. అప్పుడు ప్రవక్త వణుకుతూ ఇంటికొచ్చి, దుప్పటి కప్పమని ఖదీజా (ర)ను అడిగారు.

నేను కోడ్ రాసుకుని బతికినవాణ్ణి కదా, "సర్వర్ నుంచి డౌన్‌లోడ్ అయినట్టా?" అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. నాకా పోలిక నచ్చదు. డౌన్‌లోడ్ బటన్ మన చేతిలో ఉంటుంది. వహీ ప్రవక్త చేతిలో లేదు. ఇది బాగా అర్థమయ్యే సంఘటన ఒకటుంది.

ఒక ప్రయాణంలో పోయిన హారం వెతుక్కుంటూ ఆయిషా (ర) వెనకబడ్డారు. ఒక సహాబీ ఆమెను ఒంటె మీద ఎక్కించి తీసుకొచ్చారు. అంతే, మదీనాలో పుకారు లేచింది. ఇప్పటి ఫార్వర్డ్ మెసేజ్‌ల లాగే, నోటి నుంచి నోటికి. నింద పడింది స్వయంగా ప్రవక్త భార్య మీద. అయినా సుమారు నెల రోజులు ఆ విషయంలో వహీ రాలేదు. ప్రవక్త (స) అలీ (ర)ను, ఉసామా (ర)ను సలహా అడిగారు. ఇంట్లో ఆయిషా (ర) ఏడుస్తూనే ఉన్నారు. సొంతంగా అల్లుకునే మాటలైతే మొదటి రోజే నాలుగు వాక్యాలు చెప్పి పుకారు ఆపేయొచ్చు కదా? ఆపలేదు. ఎదురుచూశారు.

చివరికి వహీ వచ్చింది. అది చలికాలం, అయినా ప్రవక్త నుదుటి నుంచి చెమట ముత్యాల్లా జారిందని హదీసుల్లో ఉంది. ఆమె నిర్దోషి అని తేల్చిన ఆ మాటలు 24వ సూరాలో 11వ ఆయత్ నుంచి ఉన్నాయి.

నాకు ఇందులో బాగా గుర్తుండిపోయేది ఆయిషా (ర) తర్వాత చెప్పిన సంగతి. తన నిర్దోషిత్వం ప్రవక్తకి కలలో తెలుస్తుందేమో అనుకున్నారట. తన గురించి ఖుర్ఆన్‌లోనే, జనం పారాయణం చేసే మాటలు దిగుతాయని ఊహించలేదట. అంటే కలగా వచ్చే వహీ, ఖుర్ఆన్‌గా వచ్చే వహీ వేరువేరని ఆ రోజుల్లోనే వాళ్ళకి స్పష్టంగా తెలుసు. నమాజులో మనం చదివేది ఈ రెండోదే.

ఈ మాటల్ని రాసిపెట్టిన జైద్ బిన్ సాబిత్ (ర) గురించి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఆయనా అప్పటికి కుర్రాడే. ఉంటాను మరి.