బడి మారితే దారి మారుతుంది



గురుకులంలో తరగతి గది ఆవరణలోనే ఉంటుంది. మన సంక్షేమ హాస్టళ్ళ సంగతి వేరు. తిండి, పడక ఇక్కడ, చదువు ఊళ్ళోని ప్రభుత్వ బడిలో. కనుక రోజూ రెండు పూటలా రోడ్డెక్కక తప్పదు. ఏ తరగతి ఏ బడికి అన్నది మారితే ఆ రోడ్డూ మారిపోతుంది.

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ నంబరు జీవో ఇచ్చింది. ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు కలపాలన్నారు. సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నది ఉద్దేశం, అది మంచిదే. అయినా చాలాచోట్ల తల్లిదండ్రులు ధర్నాకు దిగారు. మధ్యలో హైవే, కాలువ, రైలు పట్టాలు ఉన్నాయి, ఎనిమిదేళ్ళ పిల్ల ఎలా దాటుతుంది అన్నారు. 2025లో ఆ జీవోను పక్కనపెట్టి కొత్త ఉత్తర్వులు తెచ్చారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకోవాలి. 2009 విద్యా హక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమావళిలో 1 నుండి 5 తరగతులకు ఒక కిలోమీటరు, 6 నుండి 8 తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని ఉంది. అది "నడక దూరం" అని స్పష్టంగా రాశారు. మ్యాపు మీద గీసిన గీత కాదు. వరద భయం, రోడ్డు లేకపోవడం, దారిలో పసిపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ హద్దును ఇంకా తగ్గించాలని కూడా అందులోనే ఉంది. ఈ సంగతి చాలామంది పెద్దలకే తెలియదు.

ఇక నడక. ఫుట్‌పాత్ లేని రోడ్డుమీద కుడివైపున, ఒకరి వెనుక ఒకరు నడవాలి. మన దేశంలో బండ్లు ఎడమవైపు పోతాయి కనుక కుడివైపు నడిచేవాడికి వచ్చే బండి ఎదురుగా కనబడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 16 మీటర్లు దాటేస్తుంది, వెనక్కి తిరిగి చూసే వ్యవధి ఉండదు. చిన్నవాళ్ళను మధ్యలో ఉంచి, ముందొకరు, వెనుకొకరు పెద్ద తరగతివాళ్ళు ఉండాలి. ఆగిన బస్సు ముందునుంచి దాటవద్దు, అది వెళ్ళాకే దాటాలి. నాలుగు వరుసల రోడ్డును రెండు రోడ్లుగా లెక్కపెట్టి, డివైడర్ దగ్గర ఆగి, మళ్ళీ రెండువైపులా చూడాలి. రాంగ్ రూటు మోటార్ సైకిళ్ళు మన దగ్గర కొత్త కాదు కదా! పదో తరగతి స్టడీ అవర్లు ముగిసి చీకట్లో వచ్చేవారు తెల్లచొక్కా, టార్చి మరువరాదు.

మనకు మరో చిక్కు ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉంటారు. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులో? ఎక్కడో పల్లెల్లో కూలి పనిలో ఉంటారు. మన దారి గురించి ఆ సమావేశంలో అడిగేవారు ఉండరు. అందుచేత వార్డెన్ గారు, ఊళ్ళో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఆ కమిటీ ముందుకు వెళ్ళాలి. వెళ్ళేముందు ఒకసారి బడి వేళకు పిల్లలతో కలిసి నడిచి, ఎక్కడెక్కడ రోడ్డు దాటారో, ఎక్కడ అంచు లేదో, ఏ కల్వర్టు వానకు మునుగుతుందో రాసుకోవాలి. ఆ కాగితాన్నే అర్జీకి జతచేయాలి. ఆ రోడ్డు పంచాయతీదా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారుల సంస్థదా కనుక్కుని ఆ కార్యాలయానికే ఇవ్వాలి. లేకుంటే మాది కాదని తిప్పి పంపుతారు.